ఒడిలో చాట

ముప్ఫై ఒక్కేళ్ల ఉద్యోగంలో నేను రాసిన కాగితాలన్నీ కట్టలు కడితే ఒక ఆటో నిండుతుంది. వాటిలో రెండు వాక్యాలు మాత్రం ఇప్పటికీ నాకు కంఠస్థం. ‘ఎత్తుకుంటే బిగుసుకుపోతుంది. పెద్దవాళ్ల వెనక దాక్కునే అలవాటు ఉంది.’ ఒక నాలుగేళ్ల పిల్ల గురించి రాసినవి. రెండూ కళ్లారా చూసి రాసినవే. ఆ రెండింటి వల్లే ఆ పిల్లకు ఇల్లు దొరకకుండా పోయేది. కళ్లారా చూసి రాసినదాంట్లో తప్పేముంటుందని అడిగే పడుచువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా పిల్లల సంస్థల్లో కొత్తగా చేరి, నివేదికలు రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న వాళ్ల కోసం.

తల్లిదండ్రులు లేని పిల్లల్ని దత్తత ఇచ్చే ఒక సంస్థలో, సోలాపూర్‌లో, నేను పనిచేశాను. బిడ్డ ఎక్కడిది, ఎవరు పెంచారు, ఏం తింటుంది, ఎలా నిద్రపోతుంది, ఎవరి దగ్గరికి చేరుతుంది అని విచారించి రాయడం నా పని. దత్తత కోరేవాళ్లు బిడ్డను చూడకముందే నేను రాసింది చదువుతారు. అంటే వాళ్లు ముందుగా చూసేది నా కళ్లతోనే. ఆ సంగతి నాకు బాగా తెలుసు, దాని గురించి కాస్త గర్వం కూడా ఉండేది.

నేను పుట్టింది అదే ఊళ్లో, జోడ్‌భావి పేట్‌లో, తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ల ఇంట్లో. నాన్న మగ్గంతో మొదలుపెట్టి సాంచాల దాకా వచ్చాడు. పవర్‌లూమును మేము సాంచ అంటాం. సాంచాల మోతలో పెరగడం వల్ల మా ఇళ్లలో రహస్యాలు కూడా గట్టిగానే చెప్పుకుంటారు. నేను మామూలుగా మాట్లాడినా కొత్తవాళ్లకు పోట్లాడుతున్నట్టు ఉంటుంది. నిజంగా పోట్లాడిన సందర్భాలూ తక్కువేం కావు. పేటలో ఒక చదువు గది ఉండేది. ఆదివారం ఆదివారం అక్కడ వాదాలు జరిగేవి. జాతకాలు, శకునాలు, పూనకాలు, బాబాలు, ఏదీ వదిలేవాళ్లం కాదు. చూడకుండా నమ్మకు, పరీక్షించకుండా ఒప్పుకోకు. అక్కడ నేర్చుకున్న ఈ రెండు ముక్కలే నాకు మతమూ శాస్త్రమూ.

మా ఆవిడ నెలలు నిండి ఉన్నప్పుడు ఒక గ్రహణం వచ్చింది. గ్రహణం పూట గర్భిణి ఏదైనా కోస్తే పుట్టే బిడ్డ పెదవి చీలుతుందని ఊరంతా నమ్ముతుంది. నేను వీధి తలుపు బార్లా తీసి, ఆమె చేతికి వంకాయలిచ్చి తరగమన్నాను. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం, “గ్రహణం ఏం చేస్తదో ఏమోగని, నీ వాదం పుణ్యాన నిండు నెలల్ల నేను కూరగాయలు కోసుకుంట కూసున్న” అంది. బిడ్డ నిక్షేపంగా పుట్టింది. ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదని మరుసటి ఆదివారం చదువు గదిలో నేనే లేచి చెప్పాను. రుజువు దగ్గర నాకు అంత పట్టింపు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతికి వస్తాను.

పుట్టుకతోనే పై పెదవి చీలిన పిల్ల. మన తెలుగులో దానికి గ్రహణం మొర్రి అనే పేరు పెట్టి, మూఢనమ్మకాన్ని ఏకంగా భాషలోనే కుట్టేశారు. తల్లి పోయింది, తండ్రి ఎవరో చెప్పేవాళ్లు లేరు. పెంచింది అవ్వ. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం కట్టిన విడీ ఘర్కుల్ కాలనీలో ఒక గదిలో ఉండేది. పిల్లకు మూడేళ్లు వచ్చేలోపు ఎవరెవరి కాళ్లో పట్టుకుని రెండుసార్లు పెదవికీ, అంగిలికీ ఆపరేషన్ చేయించింది. తరవాత ఆమె ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇక లేవనని తెలిశాక, పిల్లను మాకు అప్పగించమని తనే ఆసుపత్రి మంచం మీంచి కబురు చేసింది. విచారణకు నేనే వెళ్లాను. ఆమె గది చూశాను. ఒక చాప, ఒక పొయ్యి, మేకుకు వేలాడే ఒక చాట, రెండు కత్తెరలు. అన్నీ వరసగా రాసుకున్నాను. ఆ నెలలోనే ఆమె పోయింది.

పిల్ల మా దగ్గరికి వచ్చేసరికి పెదవి మీద సన్నటి గీత మాత్రం మిగిలింది. మాట కొంచెం ముక్కుతో వచ్చేది, అంతే. ఆమెను చూడ్డానికి మొదట వచ్చిన దంపతులు మా నేతవాళ్లే, రెండు సాంచాలున్న ఇల్లు. పిల్లను చూసి ముచ్చటపడ్డారు. ఆ గీత ఏమిటని అడిగారు. చెప్పాను.

“పిల్ల మంచిగనే ఉంది సారూ,” అన్నాడు ఆయన. “గని గ్రహణం పట్టిన పిల్లనాయె. రేపు ఇంట్ల నాలుగు శుభకార్యాలయితయి…”

ఇక నేను ఆగలేదు. భూమి, చంద్రుడు, సూర్యుడు, మధ్యలో నీడ, అన్నీ బల్ల మీద పేపర్‌వెయిట్లు పెట్టి చూపించాను. నా గొంతు వీధి దాకా వినిపించిందట. వాళ్లు చాలా మర్యాదగా లేచి, దండం పెట్టి, వెళ్లిపోయారు. మా సంస్థ అధికారిణి మరాఠీ ఆవిడ, మేమంతా మేడం అనేవాళ్లం. ఆమె తలుపు దగ్గర నిలబడి మరాఠీలోనే అంది: “అహో సర్, వాళ్లు పిల్ల కోసం వచ్చారు, వాదం కోసం రాలేదు. వాదంలో గెలిచింది మీరు, ఓడిపోయింది పిల్ల.”

తప్పు వాళ్లదేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ మేడం మాట కూడా నిజమే.

రెండో దంపతులు పుణె నుంచి వచ్చారు. బాగా చదువుకున్నవాళ్లు, గ్రహణం ఊసే ఎత్తలేదు. ఆమె చేతులు చాచి పిల్లను ఎత్తుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. దించగానే వెళ్లి కుర్చీ వెనక నిలబడింది. ఆమె నా నివేదిక తీసి, ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టి భర్తకు చూపించింది. ఆలోచించి చెబుతామని వెళ్లారు. ఇంకా ఆలోచిస్తూనే ఉండి ఉంటారు.

మన దేశంలో ఎవరూ ముందుకు రాకపోతేనే బిడ్డ వివరాలు విదేశాలవాళ్లకు చేరతాయి. అలా ఇటలీలో ఒక జంట ఈ పిల్లను కోరుకుంది. ఆయన ట్రాము నడుపుతాడు, ఆమె ఒక బడి వంటశాలలో పనిచేస్తుంది. కాగితాల ప్రయాణం ఏడాది పైనే సాగింది. అనుమతి పత్రాలు, కోర్టు ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా. ఈ దారి మీకు తెలిసిందే, వర్ణించి విసిగించను. ఈలోగా వాళ్లు ఫోటోల పుస్తకం ఒకటి పంపారు. ఇల్లు, మంచం, మెట్ల మీద పిల్లి, వాళ్లిద్దరూ. రోజూ సాయంత్రం నేను పిల్లకు అది చూపించేవాణ్ణి. అందులోని ఆమెకు ‘ఫోటోల అమ్మ’ అని పేరు పెట్టింది పిల్లే.

వాళ్లు సోలాపూర్ వచ్చేనాటికి అన్ని కాగితాలూ సిద్ధంగా ఉన్నాయి. నాలుగు రోజులు పిల్లతో గడపాలి, ఐదో రోజు అప్పగింత, ఆ తరవాత విమానం. ఆ నాలుగు రోజుల్లో పిల్ల వాళ్లకు అలవాటు పడుతోందా లేదా అని రాయాల్సింది నేను. పడటం లేదని రాస్తే అంతా ఆగుతుంది. ఆగితే పిల్ల పేరు మళ్లీ జాబితాలోకి పోతుంది. ఐదు దాటి ఆరు నడిచే పిల్లను, అదీ ఒకసారి వెనక్కి వచ్చిన పిల్లను, ఎవరు అడుగుతారు? ఆ రోజుల్లో నాకు నిద్ర సరిగా పట్టేది కాదు.

మొదటి రోజు మేడం ఆఫీసు గదిని పెళ్లిచూపులకు సర్దినట్టు సర్దింది. కుర్చీలకు కొత్త గలేబులు, పళ్లెంలో బిస్కట్లు. వచ్చినవాళ్లు పొడుగాటి మనుషులు, బెరుకు బెరుకుగా ఉన్నారు. వెంట పుణె నుంచి ఒక దుబాసి వచ్చింది. ఆ అమ్మాయికి ఇటాలియన్, మరాఠీ వచ్చు, తెలుగు రాదు. పిల్ల తెలుగులో ఒక మాట అంటే నేను మరాఠీలోకి మార్చాలి, దుబాసి ఇటాలియన్‌లోకి మార్చాలి. ‘నీళ్లు కావాలె’ అన్న మాట మూడు భాషలు దాటేలోపు పిల్ల తనే వెళ్లి కుండలోంచి ముంచుకు తాగి వచ్చేది.

పిల్ల గుమ్మంలో నిలబడి ఆమెను పై నుంచి కింది దాకా చూసింది.

“ఫోటోల అమ్మ గీమెనే గదా?” అని నన్ను అడిగింది.

“ఈమెనే బిడ్డా.”

“ఫోటోల చిన్నగున్నది.”

ఈ మాట ఇటలీ చేరగానే ఇద్దరూ పగలబడి నవ్వారు. శుభారంభమే అనుకున్నాను. ఆయన సంచిలోంచి బంతి తీశాడు, ఐదు నిమిషాల్లో ఇద్దరూ వరండాలో పరుగులు పెడుతున్నారు. ఆమె మాత్రం కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయింది. చేతులు మోకాళ్ల మీద, కదలనివ్వకుండా అదిమి పెట్టుకున్నట్టు ఉన్నాయి. ఎందుకని దుబాసిని అడిగాను. నా నివేదిక ఆధారంగా వాళ్ల ఊళ్లో ఆమెకు శిక్షణ ఇచ్చారట. ఈ బిడ్డకు దగ్గరితనం భయం, తొందరపడి ఎత్తుకోవద్దు, వెనక దాక్కుంటే మెల్లగా తిరిగి కళ్లలోకి చూస్తూ నవ్వాలి అని నేర్పి పంపారట. నేను ఇక్కడ రాసిన వాక్యం అక్కడ ఆమె చేతులు కట్టేసింది.

ఆట అయ్యాక పిల్ల గదిలోకి వచ్చింది. నేరుగా ఆమె కుర్చీ వెనక్కి వెళ్లింది. ఆమె నేర్పినట్టే మెల్లగా తిరిగి, కళ్లలోకి చూస్తూ నవ్వింది. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసి, చుట్టూ తిరిగి, మళ్లీ ఆమె వెనక్కి చేరింది. ఆమె మళ్లీ తిరిగింది. అలా ఇద్దరూ గంటసేపు ఆ గదిలో గుండ్రంగా తిరిగారు. సాయంత్రం ధైర్యం చేసి ఒకసారి ఎత్తుకుంది. పిల్ల మగ్గం మీద పడుగు బిగించినట్టు బిగుసుకుపోయింది.

రెండో రోజూ ఇదే. మధ్యాహ్నం ఆమె వరండా చివరికి వెళ్లి గోడవైపు తిరిగి ఏడ్చింది. భర్త భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తరవాత ఆమె అన్న మాటలు దుబాసి చెప్పింది: “ఈ పిల్ల ఇప్పటికే ఒకరిని పోగొట్టుకుంది. నన్ను కోరుకోని పిల్లను ఊరు దాటించి, దేశం దాటించి, లాక్కుపోయే హక్కు నాకు లేదు. ఆపేద్దాం.”

మేడం నన్ను పక్కకు పిలిచింది. “అహో సర్, మీ రిపోర్టులో రాసిందే అక్షరాలా జరుగుతోంది. ఇంకా ముందుకు తొయ్యడం న్యాయమా?”

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ‘మీరు రాసిందే జరుగుతోంది’ అన్నప్పుడు నాలో ఒక మూల సంతోషం కదిలింది. ఒక పిల్ల ఇల్లు కూలిపోతున్న వేళ, నా పరిశీలన నిజమైందని తృప్తి! జ్యోతిష్కుడు చెప్పింది జరిగితే అతని మొహంలో కనిపించే వెలుగు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా ఆ వెలుగును వెక్కిరిస్తూ వచ్చాను. ఆ మధ్యాహ్నం అది నా మొహం మీదే ఉండి ఉంటుంది.

మూడో రోజు పొద్దున మా మావశి సెలవు ముగించుకుని వచ్చింది. మా సంస్థలో వంటకూ పిల్లల పనికీ ఉండే ఆయాను అందరూ మావశి అంటారు. తెలుగామె, విడీ ఘర్కుల్ వాసి. చూపు మందగించే దాకా బీడీలు చుట్టి, తరవాత మా దగ్గర చేరింది. కోడలి కానుపు కోసం పది రోజులు వెళ్లింది. చేతిలో సంచి కింద పెట్టకుండానే ఆఫీసు గది కిటికీలోంచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఏంది సారూ, ఆ తల్లిని గిరగిర తిప్పుతున్నరు? గానుగెద్దనుకున్నరా?”

“నవ్వులాట కాదు మావశీ. పిల్ల ఆమె దగ్గరికి పోతలేదు.”

“పోతలేదా? నేను నిలవడ్డ సంది పోవుడే చూస్తున్న. ఆమెనే నిలుస్తలేదు, ఊకె మొఖం తిప్పుతున్నది.”

“ఎనకకు పోయి దాక్కుంటున్నది, కనవడుతలేదా?”

“దాక్కునుడేంది సారూ! ఆనుకోనీకి పోతున్నది. రెండేండ్ల సంది అది నా వీపు మీదనే ఉంటది. నేను కూరగాయలు కోస్తుంటె ఎనక కూసోని వీపుకు వీపు పెడతది. మీరు చూడలేదా?”

చూశాను. చూసే కదా ‘పెద్దవాళ్ల వెనక దాక్కునే అలవాటు’ అని రాశాను.

“ఒళ్లె కూసోదు గదా?” అన్నాను, ఓటమి ఒప్పుకోకుండా.

“మా ఇండ్లల్ల ఒడి యాడిది సారూ?” అంది మావశి. ఈసారి నవ్వలేదు. “తెల్లారి కూసుంటె మాపటి దాక ఒళ్లె చాట ఉంటది. చాటల తంబాకు, ఆకు, కత్తెర. పోరగాండ్లు ఒళ్లెకొస్తె తంబాకు ఒలుకుతది, కండ్లల్ల ముక్కులల్ల పడ్తది. గందుకే ఎనక కూసోబెడతం. వీపుకు ఆనుకోని తింటరు, వీపుకు ఆనుకోని పంటరు. నా ముగ్గురు గట్లనే పెరిగిన్రు. దీన్ని వాళ్ల అవ్వ ఎత్తుకున్నదంటె దవాఖానకే. సూది, కోత. ఎత్తుకుంటె బిగుసుకోదా మరి?”

నేను అక్కడితో వాదన ఆపేశాను. నాతో వాదించిన వాళ్లెవరూ అంతకుముందు ఆ పని చేయించలేకపోయారు.

“ఇన్నాళ్లు నాకు చెప్పలేదేంది?”

“మీరు అడిగిన్రా? బుక్కుల రాసుకుంట పోతిరి. పల్లీలు ఒలిచేదాన్ని నన్నెవరు అడుగుతరు సారూ?”

నాకు ఆ అవ్వ గది గుర్తొచ్చింది. మేకుకు వేలాడిన చాట. దాన్ని నా చేత్తోనే రాసుకున్నాను, సామాన్ల కింద. ఆ చాట రోజంతా ఎక్కడ ఉంటుందో, అది ఉన్న చోట పిల్ల ఎలా ఉంటుందో అడగలేదు. మా పుస్తకాలు ఒడి అన్నాయి కాబట్టి ఒడి కోసమే చూశాను. బీడీల ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, పేటలో ఏ గడప చూసినా ఇలా కూర్చున్న ఆడవాళ్లే. వాళ్ల వెనక పిల్లలు ఉంటారని నా కళ్లకు తెలుసు. నా నివేదికకే తెలియదు.

అయినా మావశి చెప్పింది కాబట్టి నమ్మేస్తానా? అది నా పద్ధతి కాదు.

“పరీక్ష చేద్దాం,” అన్నాను.

“చెయ్యిండ్రి. మీకు అన్నిటికి పరీక్షే,” అంది మావశి, వంటింట్లోకి పోతూ.

గదిలోంచి కుర్చీలన్నీ తీయించాను. కుర్చీకి వెనక ఒక చెక్క ఉంటుంది కదా, పిల్ల ఎంత ప్రయత్నించినా చేరగలిగింది ఆ చెక్కనే. నేల మీద ఒక చద్దర్ పరిచాం. ఆమెను కిటికీ వైపు తిరిగి కూర్చోమన్నాం. మావశి పచ్చడికి ఒలవాల్సిన పల్లీకాయలు చాట నిండా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. దుబాసితో ఒకటే మాట చెప్పించాను: వెనక ఏం జరిగినా తిరగొద్దు. ఆమె నన్ను అనుమానంగా చూసింది. రెండు రోజులుగా నా గొంతు విని, ఈయన ఎప్పుడూ కోపంగా ఉంటాడని భర్తతో అందట. అయినా తల ఊపింది. బడి వంటశాల చేతులు కదా, పల్లీకాయలు చేతిలో పడగానే వాటంతట అవే పని మొదలుపెట్టాయి. టక్, టక్, టక్. రెండు రోజుల తరవాత మొదటిసారి ఆమె భుజాలు సడలాయి.

పిల్ల గుమ్మంలోకి వచ్చింది. చాటను చూసింది. ఆమె వీపును చూసింది. మేమందరం, మేడం, నేను, మావశి, భర్త, దుబాసి, ఆ ఒక్క కిటికీ బయట ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నిలబడ్డాం. పిల్ల నాలుగు అడుగులు వేసి ఆగింది. పక్కకు వెళ్లి రెండు పల్లీకాయ పొట్టులు ఏరుకుంది. వెనక్కి వెళ్లి చద్దర్ మీద కూర్చుంది, మా వైపు కాకుండా తలుపు వైపు మొహం పెట్టి. మెల్లగా వెనక్కి జరిగింది. ఇంకా జరిగింది. వీపుకు వీపు తగిలింది.

ఆమె చేతులు ఆగాయి. మెడ సగం తిరిగింది.

“కదలకు,” అంది పిల్ల. “ఒలుకుతది.”

అది ఆ పిల్ల మాట కాదు. అది అవ్వ మాట. రెండేళ్ల పాటు మేము వినని మాట. మావశి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇటలీ ఆమెకు ఏమీ అర్థం కాలేదు, భయంగా కిటికీలోకి, నా వైపు చూసింది. నేను మరాఠీలో చెప్పాను, దుబాసి ఇటాలియన్‌లో చెప్పింది: కదలొద్దంటోంది.

ఆమె కదలలేదు. పల్లీలు అయిపోతే మావశి చప్పుడు లేకుండా వెళ్లి ఇంకో చాట నింపి పెట్టింది. పిల్ల పొట్టులను వరసగా పేర్చింది, ఏదో గొణుక్కుంది, చివరికి తల వెనక్కి వాల్చి ఆమె మెడ దగ్గర ఆనించి నిద్రపోయింది. గంటన్నర. భర్త కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారి చాటలో పడుతున్నాయి, చేతులు మాత్రం ఒలుస్తూనే ఉన్నాయి. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి ఇద్దరం పట్టుకుని నిలబెట్టాల్సి వచ్చింది. ఆ వారమంతా మా పిల్లలకు మూడు పూటలా పల్లీల పచ్చడే.

ఒక్క సంఘటన రుజువు కాదు కాబట్టి మధ్యాహ్నం మళ్లీ కూర్చోబెట్టాను. మళ్లీ అదే. మరుసటి రోజు పొద్దున ఉల్లిపాయలతో చూశాను. అదే. తండ్రి కూడా చాట పట్టుకుని కూర్చుని చూశాడు. పిల్ల వచ్చి చాటలోంచి ఒక ఉల్లిపాయ తీసి, అతనికి విసిరి, పరిగెత్తింది. తల్లికి వీపు, తండ్రికి బంతి అని తేలింది.

అప్పగింత రోజు మావశి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి పిల్లకు దిష్టి తీయబోయింది.

“మావశీ, అది ఉప్పు దండగ,” అన్నాను.

“మీ ఉప్పు కాదు తియ్యిండ్రి, మా ఇంటి నుంచి తెచ్చుకున్న.”

ఇదేమిటని ఇటలీ ఆమె అడిగింది. అర్థం లేని మూఢాచారం అని గట్టిగానే చెప్పాను. దుబాసి ఏం చెప్పిందో మరి, ఆమె వెంటనే భర్తతో సహా వచ్చి పిల్ల పక్కన నిలబడి, తమకూ తీయమంది. మావశి నా వైపు ఓరగా చూస్తూ ముగ్గురికీ తీసింది. మీలో కొందరు, పెద్దాయన చివరికి మారిపోయాడని రాసుకోవడానికి సిద్ధమవుతున్నారేమో. మారలేదు. దిష్టి లేదు. గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదు. మావశి ఉప్పు గురించి చెప్పింది తప్పు, వీపు గురించి చెప్పింది నిజం. ఒకటి తప్పు చెప్పిన మనిషి ఇంకోటి నిజం చెప్పలేదని అనుకోవడం కూడా మూఢత్వమే. ముప్ఫై ఏళ్లు ఆమెలాంటివాళ్లకు చెబుతూ వచ్చాను. ఒక్కసారి అడగలేదు.

మేడం సంస్థ తరఫున కొత్త సోలాపూర్ చద్దర్ ఇచ్చింది, నెమళ్లది. ఇటలీ ఆమె దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంది. ఆ తరవాత కొంచెం మొహమాటపడి, వంటింటి వైపు చూపించి, ఏదో అడిగింది. చాట కావాలట. మావశి వంటింటి చాట ఇవ్వలేదు. ఆటో చేయించుకుని ఇంటికి పోయి, తను బీడీలు చుట్టిన చాట తెచ్చి ఇచ్చింది. అందులో ఇంకా తంబాకు వాసన ఉంది. విమానంలో దాన్ని ఎవరూ ఆపలేదని, పిల్ల అడ్డదిడ్డంగా నిద్రపోయిందని, రెండు రోజుల తరవాత కబురు వచ్చింది.

అప్పగింత కాగితాలతో పాటు నేను ఇంకో పేజీ జతచేశాను. ‘ఈ బిడ్డ గురించి నేను ఇంతకుముందు రాసిన రెండు పరిశీలనలు తప్పు. ఎత్తుకుంటే బిగుసుకోవడానికి కారణం ఆసుపత్రి జ్ఞాపకం. బిడ్డ పెద్దవాళ్ల వెనక దాక్కోవడం లేదు, ఆనుకుంటోంది. ఈ విషయం చెప్పింది మా ఆయా.’ కింద సంతకం.

“ఫైలు పూర్తయింది కదా సర్, ఇప్పుడు దాన్ని ఎందుకు పాడు చేసుకుంటారు?” అంది మేడం.

“ఇప్పుడే పూర్తయింది మేడం,” అన్నాను. గట్టిగానే అని ఉంటాను.

తరవాత మిగిలిన సర్వీసులో నేను మావశిని అడగకుండా ఏ నివేదికా రాయలేదు. ఆమె వల్ల నా నివేదికలు పొడుగయ్యాయి, తిట్లు కూడా ఎక్కువయ్యాయి. “గిదేం రాత సారూ, ఈ పోరడు అన్నం తినడని రాస్తరా? జొన్నరొట్టె పెట్టి చూడుండ్రి” అనేది. పెట్టి చూసేవాణ్ణి. ఎక్కువసార్లు ఆమే గెలిచేది. రెండుసార్లు నేను గెలిచాను, ఆ రెండూ ఆమెకు ఇప్పటికీ గుర్తు చేస్తుంటాను.

పిల్లకు ఇప్పుడు పన్నెండేళ్లు నిండాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు వాళ్లు ఫోన్‌లో కనిపిస్తారు. మొన్న మాట్లాడినప్పుడు మావశి కూడా మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుంది. దుబాసి అవసరం లేదిప్పుడు. ఫోనే ఏదో ఒక రకంగా మాటలు మారుస్తుంది, సగం తప్పుగా. పిల్లకు తెలుగు పూర్తిగా పోయింది. నేను పలకరిస్తే సిగ్గుగా చెయ్యి ఊపుతుంది, అంతే. అందుకు నాకు బాధ లేదు. భాష బతకాలని పిల్లను పంపలేదు, పిల్ల బతకాలని పంపాం.

తల్లి తన వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ చాటే. అంచులు అరిగిపోతే గుడ్డ చుట్టి కుట్టుకుంది. అందులో చిక్కుడుకాయలు. వెనక పిల్ల, దాదాపు తల్లంత పొడుగైంది, వీపుకు వీపు ఆనించి, కాళ్లు బారజాపి ఏదో పుస్తకం చదువుకుంటోంది. బరువు పెరిగిందనీ, తన నడుం విరిగిపోతోందనీ తల్లి మాకు ఫిర్యాదు చేసింది. మావశి పకపకా నవ్వి, “ఇంక కొన్నాళ్లె తియ్యి తల్లీ, ఓర్చుకో” అంది తెలుగులోనే. ఆ మాటకు ఫోన్ ఏం అర్థం చెప్పిందో గానీ, మమ్మల్ని ఇంకా దగ్గరగా చూద్దామని ఆమె ముందుకు వంగింది.

పిల్ల తల పక్కకు జారింది. పుస్తకంలోంచి కళ్లెత్తకుండానే, కొంచెం ముక్కుతో, స్పష్టంగా అంది:

“కదలకు.”

ఆమె చటుక్కున వెనక్కి జరిగి, నిటారుగా కూర్చుంది.